బిగింపు గదిలో ఊపిరి

ఆమెను అందరూ చీకటక్క అంటారు. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే ఆమే ఒక్క క్షణం తడుముకుంటుంది. కోడిపిల్లల హేచరీలో కిటికీ లేని చిన్న గది ఒకటి ఉంది. పగలంతా ఆ చీకట్లో కూర్చోవడం ఆమె ఉద్యోగం. ఎదురుగా చెక్కపెట్టె, పెట్టెలో బల్బు, పెట్టె ముఖాన నిమ్మకాయంత కన్నం. ట్రేలోంచి గుడ్లు ఒక్కొక్కటే తీసి ఆ కన్నానికి ఆనిస్తుంది. వెలుతురు గుడ్డులోంచి దూరి ఎర్రగా ఇవతలికి వస్తుంది. పిల్ల కడుతున్న గుడ్డయితే లోపల సాలెగూడులాంటి ఎర్రటి దారాలు కనబడతాయి. కట్టనిదైతే ఖాళీ వెలుతురు. కొన్నిట్లో మాత్రం దారాలు కరిగిపోయి గుండ్రంగా ఒక నెత్తుటి ఉంగరం మిగులుతుంది. బయలుదేరి మధ్యలో ఆగిపోయినవి అవి. వాటిని మిగతావాళ్ళు పక్క బుట్టలో పడేస్తారు. ఆమె పెడుతుంది.

వయసులో ఉన్నప్పుడు చేరింది. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. ఇన్నేళ్ళ చీకటి ఆమె కళ్ళను ఎండకు పనికిరాకుండా చేసి, చెవులను మాత్రం పాముచెవులు చేసింది. వరండాలో ఎవరు నడుస్తున్నారో అడుగు వినే చెప్పేస్తుంది. సంచి మోస్తున్నారో, చేతులూపుకుంటూ వస్తున్నారో కూడా చెప్పేస్తుంది. "నీ ముందు కడుపులో మాట కడుపులో దాచుకున్నా లాభం లేదు, పేగుల చప్పుడు విని చెప్పేస్తావు" అని పనివాళ్ళు ఆటపట్టిస్తారు.

చేరిన కొత్తలో పెద్దాయన ఆమెకు ఒక తమాషా చూపించాడు. పెద్దాయన అంటే హేచరీ యజమాని, ఎవరు దొరికినా పాఠం చెప్పందే తోచని మనిషి. గాజుగ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి అందులో గుడ్డు ఒకటి వేశాడు. కాసేపటికి పెంకు నిండా సన్నటి బుడగలు పూసలు గుచ్చినట్టు పుట్టుకొచ్చాయి. మూతపెట్టిన కుండలా కనిపించే గుడ్డు నిజానికి జల్లెడ అని, కంటికి కనపడని కన్నాలు దాని ఒళ్ళంతా ఉన్నాయని చెప్పాడు. దీపం ముందు కనబడే ఎర్ర దారాలు పెంకు లోపలి పొరకు అంటిపెట్టుకుని ఉండే రక్తనాళాలట. కన్నాల్లోంచి వచ్చిన ప్రాణవాయువు ఆ పొర దాటి రక్తంలోకి దిగుతుంది. రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు ఆ దారినే బయటికి పోతుంది. బొగ్గుపులుసు వాయువు అనే మాట పలికేటప్పుడు పెద్దాయన నోరు నిండుగా తెరిచేవాడు. పనివాళ్ళు మాత్రం దాన్ని చెడుగాలి అనేవాళ్ళు.

"అంటే ముక్కుతో పని లేదా అయ్యగారూ?" అంది ఆమె.

"ఇంకా ఎక్కడిదమ్మా ముక్కు? కప్పుకున్న దుప్పటితోనే గాలి పీలుస్తుంది" అన్నాడాయన.

ఆ రోజు ఆమె పొదిగే గదిలోకి వెళ్ళి బీరువాలంత ఎత్తున్న అరల మధ్య నిలబడింది. కిందినుంచి పైదాకా గుడ్లు. కదలిక లేదు, చప్పుడు లేదు. ఇన్ని వేల గుడ్లూ తన చుట్టూ ఉన్న గాలిలోంచి కొంచెం కొంచెం తీసుకుంటున్నాయనీ, తాను పీల్చేది అవి వదిలిందేననీ తోచింది. గబగబా బయటికి వచ్చేసింది. తర్వాత అలవాటు పడింది. అయినా ఆ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ, నిద్రపోతున్నవాళ్ళ మధ్యకు వెళ్ళినట్టు మునివేళ్ళ మీదే నడిచేది.

పిల్ల బయటపడటానికి ఒక రోజు ముందు గుడ్డులో ఒక విచిత్రం జరుగుతుంది. గుడ్డు లావువైపు చివర చిన్న గాలిగది ఉంటుంది. పిల్ల ముక్కుతో ఆ గాలిగది పొరను పొడుస్తుంది. మొట్టమొదటిసారి ఊపిరితిత్తుల్లోకి గాలి పోతుంది. గాలి పోగానే గొంతు పలుకుతుంది. పైన పెంకు చెక్కుచెదరదు, లోపలినుంచి కూత వినిపిస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు చాలామంది ఈ కూత విన్న రోజే మానేస్తారు. నాలుగువైపులా మూసుకుపోయిన గుడ్లు, వాటిలోంచి గొంతులు. ఒకటి మొదలుపెడితే పక్కది అందుకుంటుంది, అది ఆగితే కింది అరలోంచి ఇంకొకటి. బయటికి ఎప్పుడొద్దాం అని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

ఆ గాలిగదిలో గాలి ఎంతోసేపు చాలదు. అది చెడిపోయేకొద్దీ పిల్ల ఉక్కిరిబిక్కిరై తల ఎగరేస్తుంది, ముక్కు పెంకుకు తగులుతుంది, పెంకు చిట్లుతుంది. దీన్ని చూసే ఆ హేచరీలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. దానికి వాళ్ళ పేరు బిగింపు. కూతలు మొదలయ్యాక పొదిగే గది తలుపులు రెండూ మూసేసి, గాలి కన్నాలకు తడి గోనెసంచులు కడతారు. గదిలో చెడుగాలి పెరుగుతుంది, పిల్లలన్నీ ఒక్కసారే గిజగిజలాడి ఒక్కసారే పెంకులు పగలగొడతాయి. లేకపోతే ఇవాళ కొన్ని, రేపు కొన్నిగా వస్తాయి, ముందొచ్చినవి నీరసించిపోతాయి. మొదటి పెంకు చిట్లిన చప్పుడు వినేవరకూ తలుపు తీయకూడదు. మధ్యలో తీస్తే బయటి చలిగాలికి లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది, పిల్ల పెంకులోనే ఉండిపోతుంది.

"గాలి చాలక కాదమ్మా వాటి అవస్థ" అనేవాడు పెద్దాయన. "చెడుగాలి పేరుకుని. నువ్వూ ఊపిరి బిగపట్టి చూడు. లోపలినుంచి తన్నేది అదే."

"మనిషి పిల్లకి?" అని అడిగింది ఆమె ఒకసారి.

మనిషి పిల్లకూ అంతేనన్నాడాయన. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లే దానికి గాలి. మావిలో తల్లి రక్తం ఒక పక్క, పిల్ల రక్తం ఒక పక్క. కలవకుండానే ఇచ్చిపుచ్చుకుంటాయి. బొడ్డుతాడు కోశాక ఆ బేరం ఆగిపోతుంది. చెడుగాలి పేరుకుంటుంది, పైగా ఒంటికి చలి తగులుతుంది. అప్పుడు పిల్ల నోరు తెరిచి మొదటి ఊపిరి తీస్తుంది.

"తీయకపోతే?"

పెద్దాయన ఆమె ముఖంలోకి చూసి, పాఠం అక్కడితో ఆపేశాడు. ఆమె సంగతి ఎవరో ఆయనకు చెప్పే ఉంటారు.

ఆమె సంగతి ఇది. హేచరీలో చేరకముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టింది గానీ ఏడవలేదు. నర్సు అరికాళ్ళ మీద కొట్టింది, నోట్లో గొట్టం పెట్టి లాగింది, తలకిందులు చేసింది. చివరికి గుడ్డలో చుట్టి పక్కగదిలోకి తీసుకుపోయింది. తల్లి మంచం గోడను ఆనుకుని ఉంది. ఆ గోడ అవతలినుంచి ఆమెకు ఒక ఊపిరి వినబడింది. చిన్నది, తడిగా, ఒక్కటే. "పిల్ల ఊపిరి తీసింది, చూడండి" అంది. నర్సు జాలిగా ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. ఆమె అత్తగారు కళ్ళొత్తుకుని, పడుకో తల్లీ అంది. అందరూ అంత మెత్తగా మాట్లాడుతుంటే గట్టిగా అనడానికి ఆమెకు నోరు రాలేదు. పడుకుంది. ఆ పడుకోవడమే తర్వాత ఆమెను పడుకోనివ్వలేదు. విన్నది నిజమో కాదో చెప్పేవాళ్ళు లేరు. మొగుడు కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

అప్పటినుంచి ఊపిరి వినడం ఆమెకొక జబ్బయింది. మూసిన గది కనబడితే గోడకు చెవి ఆనిస్తుంది. రెండు చలికాలాల కిందట అలాగే బిగింపులో ఉన్న గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినిపించిందని గడియ తీసేసింది. లోపల గుడ్లు తప్ప ఏమీ లేవు. ఆ బ్యాచి పిల్లలు చాలావరకు పెంకులకు అతుక్కుపోయాయి. పెద్దాయన తిట్టలేదు. ట్రేలు ఎత్తిపోస్తుంటే పక్కన నిలబడి చూశాడు. "ఇంకోసారి ఇలా అయితే నిన్ను ఉంచుకోలేనమ్మా" అని మాత్రం అన్నాడు. మర్నాడు గడియను ఆమె చేతికి అందనంత ఎత్తుకు మార్పించాడు.

ఆమె ఇంట్లో ఆమె, చెల్లెలు, చెల్లెలి మొగుడు. చెల్లెలు చాలా చిన్నది, దాదాపు చీకటక్క పెంచిందే. బజారులో బతికున్న చేపలు అమ్మేది. అక్క ఎంత మౌనమో చెల్లెలు అంత వాగుడు. తొట్టిలో గాలిబుడగల మోటారు ఆగిపోతే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడతాయని, బల్ల మీద వేస్తే చుట్టూ బోలెడు గాలి ఉన్నా మొప్పల రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఊపిరాడక చస్తాయని కథలు కథలుగా చెప్పేది. "నీ పిల్లలకి గాలి కరువు, నా పిల్లలకి గాలి బరువు. మన ఇద్దరిదీ ఊపిరి వ్యాపారమే అక్కా" అనేది. హేచరీ వెనక మురుగుకాలవలో కప్పలు చలికి బురదలో దాక్కుని చర్మంతోనే గాలి లాక్కుంటాయని అక్క చెబితే, "ఇంక నయం, మా ఆయన గురక పెట్టకుండా అలా పీలిస్తే బాగుండేది" అని నవ్వేది.

చెల్లెలి మొగుడు హేచరీలోనే మెకానిక్కు. పొదిగే గదికి వేడినిచ్చే బర్నరు, ఫ్యాన్లు, తలుపులు, బిగింపు, అన్నీ అతని చేతిమీదే నడుస్తాయి. మంచివాడే. హడావిడి మనిషి, పరిగెత్తేటప్పుడు పక్కలు చూడడు.

చెల్లెలికి నెలలు నిండాయి. చేపల దుకాణం మానేసి ఇంటిపట్టునే ఉంటోంది. పెరిగిన కడుపు ఊపిరితిత్తులను పైకి తోసేస్తుంటే పొడుగు ఊపిరి అందక, పడుకున్నప్పుడు మూడు పొట్టి ఊపిర్లు తీసి, నాలుగోదాన్ని నిట్టూర్పులా వదిలేది. పక్కమంచం మీద చీకటక్క ఆ వరస వింటూ ఉండేది. మూడు పొట్టివి, ఒక నిట్టూర్పు. ఆ వరస తప్పనంతవరకూ ఆమెకు కన్ను మూతపడేది.

ఆ రోజు చలిగాలి విసురుగా ఉంది. పొద్దున్నే కూతలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి బిగింపు అయిపోయింది. చీకటక్క తన గదిలో దీపం ముందు కూర్చుని కొత్త ట్రేలు చూస్తోంది. గోడ అవతల పొదిగే గదిలోంచి కూతలు ఎప్పటిలాగే వినిపిస్తున్నాయి. గుడ్డు తీయడం, ఆనించడం, పెట్టడం. చేతులు వాటంతటవి పని చేసుకుపోతున్నాయి.

కాసేపటికి గదిలో ఇంకెవరో ఉన్నారనిపించింది.

చెయ్యి ఆపింది. ఎవరో ఊపిరి తీస్తున్నారు. మెల్లగా, లోతుగా. దీపం పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. ట్రేలు, బుట్టలు, కొయ్యకు తగిలించిన తన శాలువా. ఎవరూ లేరు. నా ఊపిరే నాకు వినబడుతోందేమో అనుకుని ముక్కూ నోరూ మూసుకుని బిగపట్టింది.

ఆ ఊపిరి ఆగలేదు.

గోడలోంచి వస్తోంది. వెళ్ళి చెవి ఆనించింది. గోడ గోరువెచ్చగా ఉంది. కూతలు వందలకొద్దీ, వాటి కింద, చాలా కింద, ఆ ఊపిరి. గోడే పీలుస్తున్నట్టుంది. మళ్ళీ మొదలయిందా జబ్బు అనుకుంది. అతుక్కుపోయిన పిల్లల ట్రేలు కళ్ళముందు కదిలాయి. తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది. ఒక గుడ్డు తీసి కన్నానికి ఆనించింది. చెవి మాత్రం గోడ దగ్గరే ఉండిపోయింది.

లేచి బయటికి వచ్చింది. మరిది, అంటే చెల్లెలి మొగుడు, బిగింపు గది ముందు బల్ల మీద కూర్చుని లోపలి వేడి చూపే ముల్లు చూస్తున్నాడు. పక్కన భోజనం డబ్బా ఉంది. లోపల ఎవరో ఉన్నారని చెప్పింది. అతను నవ్వి, ఉన్నారు, వేలమంది ఉన్నారు, రేపు బుట్టలకెక్కిస్తాం అన్నాడు. తాను పొద్దుటినుంచీ ఇక్కడే తిరుగుతున్నానని, మూసేముందు నడవంతా చూశానని, వెనక తలుపుకు కూడా తానే బయటినుంచి గడియ వేశానని చెప్పాడు. "నీకు గోడ గురక పెట్టినా వినబడుతుంది వదినా. పోయి కాస్త టీ తాగు."

ఆమె చూపు డబ్బా మీద పడింది. "భోజనం ఎవరు తెచ్చారు?"

"ఇంకెవరు, నీ చెల్లెలే. వద్దంటే వింటుందా. నేను కన్నాలకు గోనెలు కడుతుంటే ఇక్కడ పెట్టేసి పోయినట్టుంది."

"పోవడం చూశావా?"

"చూడలేదు. పోక ఇక్కడేం చేస్తుంది?" అన్నాడు గానీ, నవ్వు సగంలోనే ఆగింది.

ఆమె తలుపుకు చెవి ఆనించింది. చెక్క గోడకన్నా పల్చన. కూతలు పక్కకు తొలగినట్టయి ఊపిరి దగ్గరగా వచ్చింది. ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి. పొట్టివి కావు, లోతుగా, తవ్వుతున్నట్టు ఉన్నాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చింది నిట్టూర్పు.

కోడిపిల్ల అలా పీల్చదు. కోడి ఊపిరితిత్తి ఉబ్బదు, తగ్గదు. చుట్టూ ఉన్న గాలితిత్తులు ఆడుతుంటే గాలి దానిలోంచి ఏటినీళ్ళలా ఒకవైపే పారుతుందని పెద్దాయన ఎన్నోసార్లు చెప్పాడు. దానికి నిట్టూర్పు ఎక్కడిది? ఇది వచ్చి, వచ్చిన దారినే వెనక్కి పోయే ఊపిరి. మూడూ, ఒక నిట్టూర్పూ.

"గడియ తియ్యి" అంది.

అతను లేచి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టే చెప్పాడు. ఇంకో గంటో రెండు గంటలో ఓపిక పట్టమన్నాడు. కావాలంటే ఇంటికి పోయి చూసొస్తానన్నాడు. "పురిటి రోజులు దగ్గరపడ్డాయి వదినా. ఇప్పుడు ఇది గనక పాడయితే నీ పనీ పోతుంది, నా పనీ పోతుంది. పోయినసారి కూడా నువ్వు ఇంత గట్టిగానే చెప్పావు."

అది నిజం. పోయినసారీ ఇంత గట్టిగానే చెప్పింది. అంతకుముందు, గోడ పక్క మంచం మీద, గట్టిగా చెప్పలేదు. రెండుసార్లూ ఏం మిగిలిందో ఆమెకు తెలుసు. లోపల ఇంకో ఊపిరి తవ్వినట్టు మొదలై, మధ్యలో తెగింది.

"నువ్వు దాని పక్కన పడుకుని గురక పెడతావు. నేను పక్కమంచం మీద పడుకుని దాని ఊపిరి వింటాను" అంది ఆమె. "అది నా చెల్లెలు. పక్కకి జరుగు."

ఆ గొంతు అతనెప్పుడూ వినలేదు. జరిగాడు. ట్రేలు లాగే ఇనపకొక్కెం గోడకు వేలాడుతుంటే అందుకుని గడియను పైకి నెట్టింది.

తలుపు తెరుచుకోగానే వేడి, ఈకల వాసన కలిసిన తడిగాలి ముఖాన కొట్టింది. ఆమె గుండెల నిండా బయటి గాలి పీల్చుకుని, బిగపట్టి, లోపలికి నడిచింది. బర్నరు మంట నీలంగా ఉండాల్సింది పసుపు పచ్చగా, పొడుగ్గా, నాలుకలా ఊగుతోంది. అరల మధ్య మసక. ఆమె అడుగుపెట్టగానే కూతలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎవరొచ్చారో అని అన్నీ వింటున్నట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, చివరి అర వెనక, ఊపిరి.

చెల్లెలు గోనెసంచుల మీద పక్కకు తిరిగి, కడుపు చుట్టూ చెయ్యి వేసుకుని పడుకుని ఉంది. ముఖం ఎర్రగా ఉబ్బింది, పెదవులకు మాత్రం ఆ ఎరుపు లేదు. చీకటక్క ఆమె చంకల కింద చేతులు వేసి లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. అప్పటికే ఆమె గుండెల్లో ఎవరో తన్నుతున్నారు. ఊపిరి తీయి, తీయి అని లోపలినుంచి తన్నులు. పెంకులోని పిల్లకూ ఇలాగే ఉంటుందేమో అనిపించింది. ఇంక ఆపుకోలేక నోరు తెరిచింది. ఆ గదిగాలి గొంతులోకి వెచ్చగా దిగింది, తీరా దిగాక చాలలేదు. ఇంకా ఇంకా కావాలనిపించింది. కణతలు దడదడలాడాయి. అప్పుడు కూతలు మళ్ళీ మొదలయ్యాయి, అన్నీ కలిసి. వాటి మధ్య మరిది అడుగులు. అతను భార్యను చూసిన క్షణంలో అతని నోట్లోంచి వచ్చిన చప్పుడు మాట కాదు.

ఇద్దరూ కలిసి వరండాలోకి మోసుకొచ్చారు. చలిగాలి తగలగానే చెల్లెలు ఒక్కసారి ఎగపీల్చింది. నీళ్ళలోంచి పైకి తేలినట్టు. తర్వాత వాంతి చేసుకుంది. తర్వాత కళ్ళు తెరిచింది.

డబ్బా పెట్టి వెళ్ళిపోదామనుకుందట. పెరట్లో గాలికి దంతాలు కొట్టుకుంటుంటే, వెనక తలుపు ఓరగా ఉండి వెచ్చగా అనిపించి, రెండు నిమిషాలు నడుం వాలుద్దామని లోపలికి వచ్చిందట. ఇవన్నీ తర్వాత చెప్పింది. ఆ క్షణంలో మాత్రం అక్క వైపు అయోమయంగా చూసి, ఆమె మాత్రమే వినేటట్టు అంది: "ఎందుకు లేపావక్కా. పక్కనే కూర్చుని ఊపిరి తీస్తున్నావుగా. నేను మరిచిపోయినప్పుడల్లా ముందు నువ్వు తీస్తున్నావు, నీ వెనక నేను తీస్తున్నాను."

చీకటక్క అంతసేపూ గోడకు ఇవతలే ఉంది.

ఆసుపత్రిలో చెల్లెలి ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. డాక్టరమ్మ కడుపు మీద గొట్టం ఆనించి, చోటు మార్చి మార్చి వింది. తల్లికి గాలి తక్కువైతే కడుపులో పిల్లకూ తక్కువవుతుంది, దానికి వేరే దారి లేదు. మరిది గోడకు తల ఆనించి నిలబడ్డాడు. చీకటక్కకు మాత్రం గుమ్మం దగ్గరినుంచే కడుపులో పిల్ల గుండె వినబడినట్టనిపించింది, పరుగెత్తే పిల్ల అడుగుల్లాగా. ఈసారి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ గొట్టం తీసి, బాగానే ఉంది, అయినా ఇక్కడే ఉంచండి అంది.

హేచరీలో తలుపుకు దగ్గరున్న అరల్లో పిల్లలు అతుక్కుపోయాయి. లోపలి అరల్లోవి చాలావరకు ఆ సాయంత్రమే పెంకులు పగలగొట్టుకుని వచ్చేశాయి. పెద్దాయన చేతికర్ర ఆనించుకుని గదంతా తిరిగి చూశాడు. చివరి అర వెనక గోనెసంచుల మీద మనిషి పడుకున్న ఒత్తు ఇంకా ఉంది. కర్ర చివరతో దాన్ని తాకి చూశాడు. మర్నాడు గడియను మళ్ళీ కిందికి, ఆమె చేతికి అందేచోటుకి మార్పించాడు. బిగింపు మానేద్దామని మరిది అన్నాడు గానీ, ఎన్నాళ్ళుగానో నడిచే పద్ధతి ఒక్క రోజులో పోలేదు. ఒకటి మాత్రం కొత్తగా చేరింది. మూసేముందు చీకటక్క లోపలికి వెళ్ళి, గది మధ్యలో నిలబడి, ఊపిరి బిగపట్టి వినాలి. ఆమె సరే అంటేనే తలుపు వేయాలి.

ఆ వారంలోనే చెల్లెలు ప్రసవించింది. చీకటక్కను లోపలికి రానిచ్చారు. పిల్ల బయటపడింది. నీలంగా, నిగనిగలాడుతూ, కదలకుండా. బొడ్డుతాడు కోశారు. ఏడుపు లేదు. నర్సు అరికాళ్ళు తట్టింది. చెల్లెలు తల ఎత్తి అక్కను చూసింది. చీకటక్క ఆ చిన్న ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు. ఇప్పుడు బిగింపు, అనుకుంది. ఇప్పుడు లోపల పేరుకుంటోంది. తన్నుతోంది. తన్నుతోంది.

పిల్ల ముఖం చిట్లించుకుని నోరు తెరిచింది. ఆ మొదటి ఊపిరి చిన్నది, తడిగా ఉంది. చీకటక్కకు అది కొత్త కాదు. గోడ అవతలినుంచి ఒకసారి విన్నదే, అచ్చం అదే. పక్కనున్న స్టూలు మీద కూలబడింది. పిల్ల ఏడుపు అందుకుంది. అందరూ నవ్వుతున్నారు. చీకటక్క ఎందుకు ఏడుస్తోందో ఎవరూ అడగలేదు, సంతోషమే అనుకున్నారు. అన్నేళ్ళుగా నిజమో కాదో అనుకున్న ఊపిరి నిజమేనని ఆమెకు ఆ గదిలో తెలిసింది.

ఇప్పుడు బిగింపు రోజున మరిది గోనెలు తడిపి పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. ఆమె లోపలికి వెళ్ళి, అరల మధ్య నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగపడుతుంది. ముందు కూతలు. కూతల కింద బర్నరు సన్నటి ఈల. ఈల కింద ఏమీ ఉండకూడదు.

ఉంటుంది. ప్రతిసారీ ఉంటుంది. చివరి అర వెనక, ఒక్కటే, చిన్నది, తడిగా.

ఆమె అక్కడిదాకా వెళ్తుంది. వంగి గోనెసంచుల మీద అరచేత్తో తడుముతుంది. ఎవరూ ఉండరు. సంచులు వెచ్చగా ఉంటాయి, ఆ గదిలో అన్నీ వెచ్చగానే ఉంటాయి. శాలువా అంచుతో సంచుల మీద పడ్డ నలుసులు దులుపుతుంది. చంటిపిల్ల పక్క సర్దినట్టు సర్ది, నిటారుగా లేచి నిలబడి, ఊపిరి వదులుతుంది.

"ఎవరైనా ఉన్నారా వదినా?" అని గుమ్మంలోంచి మరిది అడుగుతాడు. ఈమధ్య అతను నవ్వడం లేదు.

"బతికున్నవాళ్ళెవరూ లేరు. మూసెయ్" అంటుంది.